పాస్‌వర్డ్ సరైనదే, మెయిల్ మాత్రం రాదు
గత వారం నా కంప్యూటర్‌లోని మెయిల్ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ తప్పంటూ పదే పదే అడగసాగింది. అదే పాస్‌వర్డ్‌తో బ్రౌజర్‌లో ఖాతా తెరుచుకుంటున్నందువల్ల లోపం పాస్‌వర్డ్‌లో లేదని వెంటనే గ్రహించాను కానీ, అసలు కారణం తెలియడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మెయిల్ అందుకోవడానికి వాడే ఐమ్యాప్ పోర్టు 993, పంపడానికి వాడే ఎస్‌ఎంటీపీ పోర్టు 587 సరిగానే ఉన్నాయి. చివరికి తేలిందేమిటంటే, మెయిల్ సేవ అందించే సంస్థ కేవలం పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడాన్ని నిలిపివేసి, 2012లో ప్రమాణంగా వెలువడిన ఓఆత్ 2.0 పద్ధతిని తప్పనిసరి చేసింది. ఇందులో సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్‌ను దాచుకోదు. బ్రౌజర్ విండోలో మనం అనుమతి ఇచ్చాక సర్వర్ జారీ చేసే టోకెన్‌తోనే, అంటే ఒక అనుమతి కోడ్‌తోనే, పని జరుగుతుంది. భద్రత దృష్ట్యా ఈ మార్పు మంచిదే. అయితే ఆ విషయాన్ని సూటిగా చెప్పకుండా, పాస్‌వర్డ్ తప్పని సందేశం పంపడం నన్ను నిజంగా బాధించింది. ఆ మాట నమ్మి ఎంతమంది పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూ కూర్చున్నారో!

సర్వర్ సెట్టింగ్స్‌లో లాగిన్ పద్ధతిని సాధారణ పాస్‌వర్డ్ నుంచి ఓఆత్‌కు మార్చి, సేవ్ అయి ఉన్న పాత పాస్‌వర్డ్‌ను తొలగించి, సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ తెరవగానే మెయిల్ రావడం మొదలైంది. పంపే సర్వర్‌కు కూడా అదే మార్పు విడిగా చేయాలి. అది మరచిపోయి మరో అరగంట పోగొట్టుకున్నాను. థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ వాడేవారు కుకీలను అనుమతించి ఉంచాలి, లేకపోతే అనుమతి విండోలో లాగిన్ పూర్తికాదు.