గోడ సందులోంచి

నిన్న రాత్రి కరెంటు పోతే ఫోన్ టార్చ్ పెట్టుకుని మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మళ్లీ తెరిచాను. భయపడదామని మొదలుపెడితే గొంతులో ఏదో అడ్డుపడింది.

అందులోని రాక్షసుడికి పేరే లేదు. (ఫ్రాంకెన్‌స్టైన్ అంటే వాణ్ని తయారుచేసినవాడు. ఈ మాట ఎంతమందికి చెప్పానో!) ఒక పేదింటి పక్క కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి ఆ ఇంటివాళ్లను చూస్తూ మాటలు నేర్చుకుంటాడు. రాత్రిళ్లు ఎవరికీ తెలియకుండా వాళ్లకు కట్టెలు తెచ్చిపెడతాడు. కడకు లోపలికి వెళ్తే, చూపులేని పెద్దాయన ఒక్కడే ఆదరంగా మాట్లాడతాడు. మిగతావాళ్లు రాగానే కర్ర దెబ్బలు.

1816లో జెనీవా సరస్సు ఒడ్డున ఇది మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీకి 18 ఏళ్లు. అంతకుముందు ఏడాదే, పుట్టిన రెండు వారాలకి తొలి బిడ్డ పోయింది. అది తెలిశాక, తనకో తోడు కావాలని వాడు ప్రాధేయపడే పేజీలు వేరేగా వినిపించాయి.

హాస్టల్లో చేరిన కొత్తలో పక్క గదిలో నవ్వులు వింటూ నేనూ గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. తలుపు కొట్టడానికి రెండు నెలలు పట్టింది.

కరెంటు వచ్చింది, ఫ్యాన్ తిరిగింది. లైటు మాత్రం వేయబుద్ధి కాలేదు.