బ్రాకెట్‌కు ముందు ఒక ఖాళీ: ఎన్‌ఎఫ్‌ఎస్ అమర్చడంలో నా అనుభవం

గోదావరి జిల్లాల్లోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ నా బాధ్యత. మొన్న శనివారం సాయంత్రానికి మా 36 లినక్స్ కంప్యూటర్లూ ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా, అంటే ఒక యంత్రంలోని ఫోల్డర్లను నెట్‌వర్క్ మీద ఇతర యంత్రాలకు అందించే పద్ధతిలో, ఒకే సర్వర్‌లోని ఫోల్డరులో చదవడమూ రాయడమూ సక్రమంగా మొదలుపెట్టాయి. తెలిసినవారికి ఇది ఒక పూట పని. నాకు ఐదు వారాలు పట్టింది. కోపమూ సిగ్గూ చల్లారకముందే ఇది రాస్తున్నాను. చల్లారిన తరువాత రాస్తే నా తప్పులను నేనే చిన్నవి చేసి చెప్పుకొంటానని భయం.

మా అవసరం చాలా సామాన్యమైనది. ఒకే విద్యార్థి సోమవారం ఒక కంప్యూటర్ దగ్గర, గురువారం మరొక దాని దగ్గర కూర్చుంటాడు. మొదటి దానిలో రాసుకున్న ప్రోగ్రాము రెండోదానిలో ఉండదు కనుక పెన్‌డ్రైవ్ మీద ఆధారపడతాడు. రికార్డు సమర్పించే వారంలోనే ఆ పెన్‌డ్రైవ్ పోతుంది. అందరి ఫోల్డర్లూ సర్వర్‌లో ఉంచి, ఏ కంప్యూటర్ నుంచైనా అందేటట్టు చేయాలన్నది సంకల్పం. మా దగ్గర విండోస్ యంత్రాలు లేవు కనుక విండోస్‌తో ఫైళ్లు పంచుకోవడానికి వాడే సాంబా జోలికి పోకుండా ఎన్‌ఎఫ్‌ఎస్‌నే ఎంచుకున్నాను. ఆ నిర్ణయం విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ విచారం లేదు.

సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ కెర్నెల్ సర్వర్ ప్యాకేజీని, ల్యాబ్ కంప్యూటర్లలో ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ ప్యాకేజీని వేయడం అరగంటలో ముగిసింది.

తరువాత పోర్టుల సంగతి, అంటే నెట్‌వర్క్ సేవలు నడిచే సంఖ్యల ద్వారాలు. సర్వర్ వేరే భవనంలో ఉన్నందున మధ్యలో రాకపోకలను వడగట్టే ఫైర్‌వాల్‌ను మా కళాశాల కంప్యూటర్ కేంద్రం వారే తెరవాలి. నోటితో అడిగితే లేఖ పెట్టమన్నారు, లేఖ పెడితే ప్రిన్సిపల్ గారి ద్వారా రమ్మన్నారు, అక్కడి నుంచి వెళ్తే ఏయే పోర్టులు కావాలో పట్టికగా ఇమ్మన్నారు. మొత్తం 11 రోజులు. ఇందులో నా అజ్ఞానమూ కొంత ఉన్నదని ఒప్పుకోవాలి. 1995లో వెలువడిన ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్‌కు పోర్టు 111తో పాటు మౌంట్ (సర్వర్ ఫోల్డరును మన కంప్యూటర్‌కు తగిలించడం) సేవకూ, ఫైలుకు తాళం వేసే లాకు సేవకూ వేర్వేరు పోర్టులు కావాలి, అవి ఒక్కోసారి ఒక్కో సంఖ్య మీద నిలబడతాయి. నాలుగో వెర్షన్‌కు టీసీపీ పోర్టు 2049 ఒక్కటి చాలు. ఈ సంగతి తెలియక నేను ఆరు పోర్టులు అడిగాను, వారు ఆరింటికీ ఆరు ప్రశ్నలు వేశారు. మీరు మాత్రం నాలుగో వెర్షన్ వాడుతున్నామని రాసి, 2049 ఒక్కటే అడగండి. ఆ పోర్టును ఏ నెట్‌వర్క్ నుంచి ఏ సర్వర్‌కు తెరవాలో కూడా రాతపూర్వకంగా అడగండి. నేను ఆ రెండో మాట రాయలేదు. దాని ఫలితం తరువాత చెబుతాను.

ఇక అసలు కథ. సర్వర్‌లోని ఎక్స్‌పోర్ట్స్ అనే ఫైలులో ఏ ఫోల్డరును ఎవరికి ఇస్తున్నామో ఒక్క వరుసలో రాయాలి. మా ల్యాబ్ నెట్‌వర్క్ 192.168.10.0/24, అంటే 192.168.10తో మొదలయ్యే చిరునామాలన్నీ. నేను రాసిన వరుస ఇది:

/ల్యాబ్ 192.168.10.0/24 (ఆర్‌డబ్ల్యూ,సింక్)

చదవడానికీ రాయడానికీ ల్యాబ్‌కు అనుమతి అని నా ఉద్దేశం. చిన్నప్పుడు మా మాస్టారు బ్రాకెట్‌కు ముందు ఒక ఖాళీ వదలాలని దెబ్బలు వేసి మరీ నేర్పించారు. ఆ అలవాటు చేతికి అంటుకుపోయింది. మార్పులను అమలు చేసే ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ ఆదేశం ఇవ్వగానే తెర మీద రెండు హెచ్చరికలు వచ్చాయి. ల్యాబ్ నెట్‌వర్క్‌కు ఐచ్ఛికాలేవీ (బ్రాకెట్‌లో రాసే ఆప్షన్లు) ఇవ్వలేదని మొదటిది, బ్రాకెట్ దగ్గర హోస్ట్ పేరు లేదని రెండోది. హెచ్చరికలే కదా, తప్పులైతే ఆగిపోయేది కదా అనుకొని ముందుకు సాగాను. ఆ రెండు వాక్యాల్లో నా ఐదు వారాల జాతకమంతా ఉన్నదని అప్పుడు తెలియదు.

ల్యాబ్ కంప్యూటర్‌లో ఫోల్డరును మౌంట్ చేస్తే ఫైళ్లన్నీ కనిపించాయి, తెరుచుకున్నాయి. కొత్త ఫైలు సృష్టించబోతే మాత్రం ఇది చదవడానికి మాత్రమే ఉన్న ఫైల్ సిస్టమ్ అని నిరాకరించింది. ఆ కంప్యూటర్‌లోనే మౌంట్ వివరాలు చూస్తే రాసే అనుమతితోనే మౌంట్ అయినట్టు స్పష్టంగా ఉంది. సర్వర్ తనలో తాను పెట్టుకున్న నిషేధం ఆ వివరాల్లోకి రాదన్న సంగతి ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. డిస్కులో లోపం కనబడితే లినక్స్ దానిని చదవడానికి మాత్రమే పరిమితం చేస్తుందని గుర్తొచ్చి, ఒక ఆదివారం రాత్రి సర్వర్‌ను ఆపి డిస్కు మొత్తాన్ని తనిఖీ చేశాను. డిస్కు నిక్షేపంగా ఉంది. అనుమతుల లోపమేమోనని ఫోల్డరుకూ అందులోని ప్రతి ఫైలుకూ 777, అంటే ఎవరైనా చదివి, రాసి, నడపగల అనుమతి, ఇచ్చేశాను. ఫలితం లేదు. ఇక యంత్రంలో సర్వాధికారి అయిన రూట్ వినియోగదారును సామాన్యుడిగా కుదించే రక్షణే అడ్డు పడుతున్నదేమోనని, బ్రాకెట్‌లో ఆ రక్షణను తీసివేసే నో రూట్ స్క్వాష్ కూడా చేర్చాను. అప్పుడూ అదే నిరాకరణ.

ఇంతలో ఒక వింత జరిగింది. వేరే నెట్‌వర్క్‌లో ఉన్న విభాగాధిపతి గారి గది కంప్యూటర్ నుంచి అదే ఫోల్డరును మౌంట్ చేసి చూస్తే హాయిగా రాయగలిగాను. ఎవరికి ఇచ్చానో వారు రాయలేరు, ఎవరికి ఇవ్వలేదో వారు రాయగలరు. ఈ ఒక్క లక్షణం చాలు, అనుభవం ఉన్నవారు రోగమేమిటో చెప్పేస్తారు. నేను మాత్రం ల్యాబ్ కంప్యూటర్లను నెట్‌వర్క్‌కు కలిపే స్విచ్ పాడైందని తీర్మానించాను. తీర్మానించి ఊరుకున్నా బాగుండేది. "మీరు అమర్చిన స్విచ్ రాసే సమాచారాన్ని మధ్యలో ఆపివేస్తున్నది, వెంటనే మార్చగలరు" అని కంప్యూటర్ కేంద్రానికి లేఖ రాసి, నకలు ప్రిన్సిపల్ గారికి పంపాను. 11 రోజులు నన్ను తిప్పించుకున్న కసి ఆ నకలులో ఉంది.

ఆ వారం సమావేశంలో కేంద్రం బాధ్యుడు నా లేఖను పైకి చదివారు. "స్విచ్‌కు చదవడం, రాయడం అనే తేడా ఉండదండీ, దానికి అన్నీ ప్యాకెట్లే" అని అందరి వైపూ చూసి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అని ముగించారు. పదిమందీ నవ్వారు, విభాగాధిపతి గారితో సహా. ఆయన మాట వంద శాతం నిజం కావడమే నన్ను ఎక్కువగా బాధించింది.

రోగాన్ని కనిపెట్టింది నేను కాదు. ఆ మర్నాడు పొద్దున సర్వర్‌లోని ఫోల్డరు తెరిస్తే, "సార్ చదవండి" అనే పేరుతో ఒక కొత్త ఫైలు ఉంది. దాని యజమాని పేరు రూట్. సర్వర్ రూట్ సంకేతపదం నాకు తప్ప ఎవరికీ తెలియదు కనుక గుండె ఆగినంత పనైంది. లోపల నాలుగు వరుసలు: "నమస్తే సార్. నేను హాస్టల్ నుంచి నా లాప్‌టాప్‌తో ఇది రాస్తున్నాను. హాస్టల్ నుంచి రాయగలగకూడదు కదా సార్. ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో బ్రాకెట్‌కు ముందు ఖాళీ ఉందేమో ఒకసారి చూడండి." మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి రాసింది. నాలుగో వెర్షన్‌లో సర్వర్ మూలాన్నే (అన్నిటికంటే పై ఫోల్డరునే) మౌంట్ చేస్తే తనకు అందుబాటులో ఉన్న ఫోల్డర్లు వాటంతట అవే కనిపిస్తాయి. ఆమె చేసింది అంతే. కంప్యూటర్ కేంద్రం వారు 2049ను మా ల్యాబ్‌కు మాత్రమే కాక హాస్టళ్లతో సహా కళాశాల అంతటికీ తెరిచిపెట్టారు. మద్దెల సామెత చెప్పిన పెద్దమనిషి ఈ సంగతిని ఏ సమావేశంలోనూ ప్రస్తావించలేదు.

అప్పుడు మొదటిసారిగా ఆ ఫైలుకు సంబంధించిన మాన్యువల్ పేజీ తెరిచాను. క్లయింట్ (ఫోల్డరును అడిగే యంత్రం) పేరుకూ దాని ఐచ్ఛికాల బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ ఉండరాదని అందులో తేటతెల్లంగా ఉంది. ఖాళీ ఉంటే ఆ వరుస రెండు ముక్కలవుతుంది. 192.168.10.0/24 అనేది ఐచ్ఛికాలు లేని క్లయింట్‌గా మిగిలి, ఏమీ చెప్పనప్పుడు వర్తించే, చదవడానికి మాత్రమే అన్న సహజ నియమం కిందికి వస్తుంది. ఒంటరిగా మిగిలిన బ్రాకెట్ ప్రపంచంలోని ప్రతి యంత్రానికీ వర్తిస్తుంది. ఏదైనా యంత్రం రెండింటికీ సరిపోతే నెట్‌వర్క్ పేరుతో ఉన్న నియమానిదే పైచేయి. అందుకే ల్యాబ్‌కు నిషేధం, ఊరందరికీ ఆహ్వానం. నేను ల్యాబ్ కోసమని కలుపుతూ పోయిన ప్రతి సడలింపూ, చివరికి రూట్ అధికారంతో సహా, బయటివారికే చేరింది. సొంత లాప్‌టాప్‌లో రూట్ అయిన ఏ విద్యార్థి అయినా నా సర్వర్ ఫోల్డరులోనూ రూటే. ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ ఆదేశానికి వి అనే ఐచ్ఛికం జోడించి అడిగితే ఈ రెండు నియమాలనూ వేర్వేరుగా, రెండోదాని పక్కన వరల్డ్ అన్న మాటతో సహా చూపిస్తుంది. ఆ ఒక్క ఆదేశం మొదటి రోజే ఇచ్చి ఉంటే డిస్కు తనిఖీ లేదు, లేఖ లేదు, సామెత లేదు.

ఆ హెచ్చరిక మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. హోస్ట్ పేరు లేదని చెప్పిన తరువాత, హెచ్చరిక రాకుండా ఉండాలంటే బ్రాకెట్‌కు ముందు నక్షత్రం గుర్తు పెట్టమని తనే సలహా ఇస్తుంది. నక్షత్రం అంటే అందరికీ అని అర్థం. దానిని అక్షరాలా పాటించే విధేయుడు తలుపును బార్లా తెరిచి, ఇక చప్పుడు లేదు కనుక అంతా సవ్యమే అనుకుంటాడు. హెచ్చరిక చదవండి, సలహాను మాత్రం ఆలోచించి పాటించండి.

ఖాళీ తీసేసి, నో రూట్ స్క్వాష్ తొలగించి, ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ మళ్లీ నడిపితే ల్యాబ్ కంప్యూటర్లను తిరిగి మౌంట్ చేయనవసరం కూడా లేకుండా రాయడం మొదలైంది. 777 ఇచ్చిన వేల ఫైళ్లకు పాత అనుమతులు తిరిగి పెట్టడానికి మరో సాయంత్రం పట్టింది. చేతిలో ఉన్నది కదా అని 777 వాడేవారు ఆ సాయంత్రాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

దీని తరువాత వచ్చిన చిక్కు నన్ను అంతగా కుంగదీయలేదు, ఎందుకంటే ఈసారి ముందు ఫైలు చూశాను, తరువాతే మనుషులను అనుమానించాను. ఆరు కంప్యూటర్లలో ప్రతి విద్యార్థికీ రోల్ నంబరు వరుసలో పక్కవారి ఫోల్డరు తనదిగా తెరుచుకొంటున్నది. ఎన్‌ఎఫ్‌ఎస్ సాధారణ పద్ధతిలో గుర్తించేది పేరును కాదు, వినియోగదారు సంఖ్యను. ఆ సంఖ్యను కూడా క్లయింట్ యంత్రం చెప్పినదే చెప్పినట్టు నమ్ముతుంది. ఆ ఆరు యంత్రాలూ మరొక ల్యాబ్ నుంచి వచ్చినవి, వాటిలో ఎవరో ఏనాడో సృష్టించిన ఒక ఖాతా 1001 అనే వినియోగదారు సంఖ్యను ఆక్రమించుకొని ఉంది. నా స్క్రిప్టు సృష్టించిన ఖాతాలన్నీ దాని వెనుక ఒక్కొక్క స్థానం జరిగాయి. ప్రతి ఖాతాకూ సంఖ్యను నేనే నిర్ణయించి మళ్లీ సృష్టించాను. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను రూపొందించిన నాడు నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నీ ఒకే నిర్వాహకుడి చేతిలో ఉంటాయన్న భరోసా ఉండేది. ప్రతి జేబులో, ప్రతి సంచిలో ఒక కంప్యూటర్ ఉన్న ఈ రోజుల్లో ఆ భరోసా ల్యాబ్ గోడల వరకే చెల్లుతుంది. మనిషిని నిజంగా గుర్తించాలంటే గుర్తింపును రుజువు చేయించే కెర్బరోస్ వ్యవస్థ పెట్టాలి. వేసవి సెలవుల్లో ఆ పని చేద్దామని ఉంది.

మా ఊళ్లో కరెంటు గురించి వేరే చెప్పనక్కరలేదు. పోయి వచ్చినప్పుడు సర్వర్ కంటే ముందు ల్యాబ్ కంప్యూటర్లు లేచి, సర్వర్ కోసం ఎదురుచూస్తూ మధ్యలోనే నిలబడిపోయేవి. ఏ ఫోల్డర్లను మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలు వరుసలో నోఫెయిల్, ఎక్స్ సిస్టమ్‌డి ఆటోమౌంట్ అనే రెండు ఐచ్ఛికాలు చేరిస్తే ఆ బాధ పోయింది. సాఫ్ట్ మౌంట్ పెట్టమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. సర్వర్ ఆలస్యం చేస్తే సాఫ్ట్ మౌంట్ కొంతసేపటికి విసిగి తప్పు చెప్పి వదిలేస్తుంది, సగం రాసిన ఫైలు సగంలోనే ఉండిపోవచ్చు. విద్యార్థుల రికార్డులతో ఆ జూదం ఆడదలచుకోలేదు.

విభాగాధిపతి గారు ఈమధ్య ఆపిల్ మ్యాక్ కొనుక్కున్నారు. ఆయన యంత్రాన్ని ఒక్క చిరునామాగా వేరే వరుసలో చేర్చినా అది అనుమతి లేదని మొరాయించింది. లినక్స్ సర్వర్ 1024 కంటే తక్కువ సంఖ్య గల పోర్టు నుంచి వచ్చే విన్నపాలనే సహజంగా అంగీకరిస్తుంది, మ్యాక్ పైసంఖ్యల నుంచి అడుగుతుంది. సర్వర్‌లో ఆ షరతును ఎత్తివేసే ఇన్‌సెక్యూర్ అనే ఐచ్ఛికం ఇవ్వడం సులువే గానీ, అంతకు ముందు జరిగిన దాని తరువాత ఆ పేరు గల దేనినీ ఆ ఫైలులో రాయడానికి నా చెయ్యి ఆడలేదు. ఆయన మ్యాక్‌లోనే మౌంట్ చేసేటప్పుడు తక్కువ సంఖ్య గల పోర్టు నుంచి అడిగించే రెస్వ్‌పోర్ట్ అనే ఐచ్ఛికం ఇచ్చాను.

2049ను మా ల్యాబ్‌కూ, విభాగాధిపతి గారి గదికీ మాత్రమే పరిమితం చేయమని కంప్యూటర్ కేంద్రానికి మళ్లీ లేఖ పెట్టి నేటికి ఎనిమిది రోజులు. అది ఇంకా ప్రిన్సిపల్ గారి బల్ల మీదే ఉంది. ఈలోగా సర్వర్‌లోనే ఫైర్‌వాల్ నియమం పెట్టి, హాస్టల్ నుంచి ప్రయత్నించి చూడమని ఆ అమ్మాయిని అడిగాను. నిన్న రాత్రి జవాబు వచ్చింది: "రాయలేకపోతున్నాను సార్, కనీసం చదవలేకపోతున్నాను కూడా."