లైవ్ రాక్‌లో దాక్కున్న పురుగు

మా ఇంట్లోని ఉప్పునీళ్ల అక్వేరియం ట్యాంకులో రాత్రిపూట కోరల్స్‌ని ఏదో తింటోందని ముందు అనుమానం వచ్చింది జోయాంథిడ్స్‌ని చూసి. రాయికి అతుక్కుని గుంపుగా పెరిగే మెత్తటి కోరల్స్ అవి. పొద్దున లైట్లు వెలిగేసరికి గుంపు అంచున ఉన్నవి లేవు, కాడలు మొదలంటా తెగిపోయి ఉన్నాయి. తర్వాత లెదర్ కోరల్ అంచున ఒక ముక్క పోయింది. ఆ పైన మంచి బలిష్ఠంగా ఉండే టర్బో నత్త ఖాళీ గుల్లగా ఇసుక మీద పడి ఉంది.

నీళ్లు పరీక్షించాను. ఉప్పు సాంద్రత 1.025, వేడి 78 ఫారెన్‌హీట్, ఆల్కలినిటీ, నైట్రేట్ అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. నీళ్లు బాగోకపోతే కోరల్ ముడుచుకుంటుంది, రంగు వెలిసిపోతుంది, కుళ్లి కరిగిపోతుంది. ఇక్కడ పక్కనే ఉన్న కోరల్స్ పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి, పోయినవి మాత్రం కొరికేసినట్టు పోయాయి. అంటే సమస్య నీళ్లది కాదు, నోరున్న దేనిదో.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. హాల్లో 75 గ్యాలన్ల ట్యాంకు. అందులో ఉన్నది ఫ్లోరిడా నుంచి తెప్పించుకున్న లైవ్ రాక్, అంటే సముద్ర జీవులు పట్టిన రాళ్లు. అక్కడి సముద్రంలోంచి సహజమైన రాళ్లు తీయడాన్ని 1990లలోనే నిషేధించారు. ఇప్పుడు లైసెన్సు ఉన్న రైతులు గనుల్లోంచి తెచ్చిన సున్నపురాళ్లను సముద్రం అడుగున తమకు కేటాయించిన చోట పేర్చి, కొన్నేళ్లు వదిలేసి, వాటిమీద ప్రాణం పట్టాక పైకి తీసి అమ్ముతారు. ఆ రాయి మీద స్పాంజిలు, ఆల్చిప్పలు, రంగురంగుల నాచు, పేరు తెలియని ఎన్నో జీవులు ఉంటాయి. ఎండిన తెల్లటి రాయి కొని ఏడాది పాటు నాచుతో కుస్తీ పట్టడం కన్నా నాకు ఇదే ఇష్టం. ఇంత జరిగాక కూడా ఇదే అంటాను. బతికున్న రాయి కావాలనుకున్నప్పుడు దాని బొరియల్లో ఉన్నవాళ్లందరూ కూడా వస్తారు.

అలా వచ్చినవాళ్లలో పురుగులే ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు టెన్షన్ పడేది బ్రిసిల్ వార్మ్‌లను చూసి. గులాబీ రంగు ఒళ్లు, రెండు వైపులా తెల్లటి సన్నని ముళ్ల కుచ్చులు. చేత్తో ముట్టుకుంటే ఆ ముళ్లు చర్మంలో దిగి మండుతాయి, అంతవరకు నిజం. దిగితే టేపు అంటించి లాగి, వెనిగర్ రాస్తే చాలావరకు తగ్గుతుంది. కానీ మిగిలిపోయిన మేత, చచ్చిన చేప, నత్త, అన్నింటినీ మనకు అందని సందుల్లోకి వెళ్లి తినేది ఇవే. చచ్చిన నత్త మీద మూగిన బ్రిసిల్ వార్మ్‌లను చూసి "ఇవే చంపాయి" అని వాటినన్నిటినీ ఏరి పారేసేవాళ్లున్నారు. చాలాసార్లు అవి చచ్చినదాన్ని తినడానికి వచ్చినవే, చంపినవి కావు.

ఈ మాట మా బాబాయ్‌కి చెప్పాల్సిన పనే లేదు. ఆయన కాకినాడ దగ్గర ఉప్పాడ వైపు రొయ్యల హ్యాచరీల్లో చాలా ఏళ్లు పనిచేశారు. ఫోన్‌లో "బాబాయ్, మా ట్యాంకులో పురుగేదో ఉంది" అనగానే నవ్వారు. "ఉంటే మంచిదే కదా అమ్మాయ్! మేం డబ్బులిచ్చి మరీ కొనేవాళ్లం. పాలీకీట్లు పెట్టకపోతే తల్లి రొయ్య సరిగ్గా గుడ్లు పెట్టదు" అన్నారు. పాలీకీట్లంటే బ్రిసిల్ వార్మ్‌లు కూడా చేరే సముద్రపు పురుగుల తెగ. వెంటనే తనే ఇంకో మాట చేర్చారు: "కానీ ఎక్కడి పురుగో చూసి కొనాలి. ఈహెచ్‌పీ కూడా వాటితోనే వస్తుంది." ఈహెచ్‌పీ అంటే రొయ్య ఎదగకుండా చేసే జబ్బు. గోదావరి జిల్లాల చెరువు రైతులకు ఆ పేరు చెబితే చాలు, ముఖం మారిపోతుంది. మేత కూడా అదే, జబ్బు మోసేదీ అదే. ఏ పురుగు అన్నది తెలియకుండా మంచిదనీ చెడ్డదనీ అనలేం అన్నది ఆయన లెక్క. నా పనీ అక్కణ్ణుంచే మొదలైంది. ముందు అదెవరో చూడాలి.

ఇలాంటివి పగలు కనపడవు. తెల్ల టార్చి వేస్తే రెప్పపాటులో లోపలికి పోతాయి. అందుకని తలకు పెట్టుకునే ఎర్ర లైటు వాడాను. సముద్రంలో కాస్త లోతుకు వెళ్లేసరికే ఎరుపు కాంతి నీళ్లలో ఇంకిపోతుంది, అందుకే అక్కడి జీవుల్లో చాలావాటికి ఎరుపు సరిగా కనపడదు. లైట్లు ఆరి రెండు మూడు గంటలయ్యాక కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. మా ఆయన మొదట్లో "పడుకోవచ్చు కదా" అనేవారు, తర్వాత ఆయనే పక్కన కుర్చీ వేసుకున్నారు. ట్యాంకు రాత్రి వేరే ప్రపంచం. రాళ్ల సందుల్లోంచి సన్నని తీగల్లాంటివి ఇసుక మీదకు పాకుతాయి (అవి స్పఘెట్టి వార్మ్‌లు, ఏ హానీ చెయ్యవు), చిన్న చిన్న రొయ్యల్లాంటి ఆంఫిపాడ్‌లు అద్దం మీద పరుగెడతాయి.

ఎడమవైపు కింది రాయిలో, జోయాంథిడ్స్‌కి జానెడు దూరంలో ఒక గుండ్రటి రంధ్రం ఉంది. దాని మూతికి ఇసుక, నత్త గుల్లల పొడి జిగురుతో అంటించినట్టు ఉంది. అందులోంచి తల బయటకు వచ్చింది. నీళ్లలో జెర్రి తల పెట్టి చూస్తున్నట్టే అనిపించింది. తల మీద ఐదు మీసాలు. మెడ దగ్గర తెల్లటి పట్టీ. ఒళ్లు ముదురు గోధుమ రంగు, కదిలినప్పుడల్లా నూనె పడిన నీళ్లలా నీలం, ఆకుపచ్చ మెరుపులు. ఆ ఐదు మీసాలు చూడగానే సందేహం పోయింది. బ్రిసిల్ వార్మ్‌కి ఇలా పొడుచుకు వచ్చే ఐదు మీసాలుండవు, ఈ మెరుపూ ఉండదు. ఇది యూనిస్ అనే జాతి పురుగు, గట్టి దవడలుంటాయి. నాచు ముక్క ఒకటి పట్టుకుని లోపలికి లాక్కుంది, మళ్లీ వచ్చి జోయాంథిడ్ గుంపు వైపు సాగింది.

యూనిస్ కుటుంబం పెద్దది. అందులో చాలావి చిన్నవిగానే ఉండిపోతాయి, నాచు, చెత్త తిని బతుకుతాయి. అన్నింటిలోకీ పేరు మోసినది బాబిట్ వార్మ్. జపాన్‌లోని షిరహామాలో 2009లో పడవలను కట్టి ఉంచే తెప్పకున్న తేలుడు దిమ్మెలో ఒకటి దొరికింది, దాదాపు 3 మీటర్లు, 673 ఖండాలు. ఆ తెప్పను నీళ్లలో వేసి అప్పటికి 13 ఏళ్లు. అంత కాలం అది ఎవరికీ తెలియకుండా అందులోనే పెరిగింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, న్యూకీ ఊళ్లో ఉన్న బ్లూ రీఫ్ అక్వేరియంలో కోరల్స్ తెగిపోతుంటే, చేపలకు గాయాలవుతుంటే, ఉచ్చులు పెట్టీ పెట్టీ చివరకు రాళ్లన్నీ విప్పేశారు. నాలుగడుగుల పురుగు బయటపడింది. దానికి బ్యారీ అని పేరు పెట్టారు. రోజూ చూసుకునే నిపుణులున్న చోట కూడా అంత పొడవు పెరిగేదాకా కనపడలేదంటే, రాయి లోపల ఎంత చోటుంటుందో ఆలోచించండి.

మా పురుగును ఏం చెయ్యాలన్నదానికి చుట్టూ ఉన్నవాళ్లు చాలా చెప్పారు. సిక్స్‌లైన్ రాస్ చేపను వేయమన్నారు. అది చిన్న పురుగులను ఏరుకుని తింటుంది, వేలంత లావున్న యూనిస్‌ని ఏమీ చెయ్యలేదు. పైగా చిన్న ట్యాంకులో మిగతా చేపలను బతకనివ్వదు. రంధ్రాన్ని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో మూసెయ్యమన్నారు. దాని దవడలతో ఇంకో దారి తొలుచుకుంటుంది. పీవీసీ గొట్టంలో రొయ్య ముక్క పెట్టి ఉచ్చు వేస్తే బ్రిసిల్ వార్మ్‌లు బోలెడు వచ్చాయి, ఇది రాలేదు. ఒంట్లో సగానికి పైగా ఎప్పుడూ రంధ్రంలోనే ఉంచుకునే జీవి మొత్తంగా గొట్టంలోకి ఎందుకు వస్తుంది? ట్యాంకులో పురుగుల మందు వేస్తే రాళ్లలో ఉన్న వందలాది మంచి పురుగులు ఒకేసారి చచ్చి, అమ్మోనియా పెరిగి, చేపలకే ముప్పు వస్తుంది.

ఒకరు రాయిని తీసి ఉడకబెట్టమన్నారు. దీని గురించి కాస్త గట్టిగా చెబుతాను. లైవ్ రాక్‌ని ఎప్పుడూ, ఏ కారణానికీ ఉడకబెట్టకండి. వేడి నీళ్లు కూడా పొయ్యకండి. జోయాంథిడ్స్‌లో, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. 1971లో హవాయిలో శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. వేడికి అది సులువుగా నశించదు, ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది. వంటింట్లో రాయి ఉడకబెట్టి ఇంటిల్లిపాదీ జ్వరం, దగ్గు, ఆయాసంతో ఆస్పత్రి పాలైన సంఘటనలు అమెరికాలో ఉన్నాయి. బ్రష్షుతో గీకినా, కోసినా కళ్లద్దాలు, గ్లోవ్స్ ఉండాల్సిందే. పిల్లలున్న ఇంట్లో మరీనూ.

నేను ఎంచుకున్నది రాయినే బయటకు తీయడం. అలికిడి అయితే యూనిస్ బయటకు పారిపోదు, రంధ్రంలోకి ముడుచుకుంటుంది. ఆ అలవాటే మనకు ఉపయోగం. ముందు రాత్రే రంధ్రానికి ఎదురుగా అద్దం మీద టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకున్నాను. పొద్దున పై రాళ్లు ఒక్కొక్కటే తీసి ట్యాంకు నీళ్లున్న డబ్బాలో పెట్టి, ఆ రాయిని ఒక్క ఊపున లేపి బకెట్‌లోకి దించాం. మా ఆయన బకెట్‌ని ట్యాంకు అంచుకు ఆనించి పట్టుకున్నారు, మధ్యలో జారి ఇసుకలో పడితే మళ్లీ మొదటికొస్తాం కాబట్టి.

ట్యాంకు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. నేను దానికి రెట్టింపు కలిపి, సూది లేని సిరంజితో నేరుగా రంధ్రంలోకి కొట్టాను. రాయి మొత్తాన్ని ఆ ఉప్పునీళ్లలో ముంచితే పైనున్న స్పాంజిలు కూడా పోతాయి, అందుకే రంధ్రం వరకే. కొంతసేపు ఏమీ లేదు. రెండో వైపు నాకు తెలియని చిన్న సందు ఒకటుంది, అక్కడినుంచి తల వచ్చింది. లాగెయ్యాలని చెయ్యి తహతహలాడుతుంది కానీ లాగకూడదు. ముళ్లను గోడలకు తన్నిపెట్టి బిగుసుకుంటుంది, తెగిపోతుంది. ఒక ముక్క లోపలే మిగిలిపోతుంది. ఇంకాస్త ఉప్పునీళ్లు కొట్టి ఆగాం. నెమ్మదిగా అదే జారి బకెట్‌లో పడింది. మూరెడు పొడవు.

వెంటనే చూసింది తోక. తోక సన్నబడుతూ వచ్చి చివర రెండు సన్నని పోగులు ఉంటే అది మొత్తంగా వచ్చినట్టు. చివర మొద్దుగా ఉంటే లోపల ముక్క మిగిలినట్టు. భూతద్దం పెట్టి చూశాను, రెండు పోగులూ ఉన్నాయి. అయినా ఆ రాయిని వెంటనే ట్యాంకులో పెట్టలేదు. హీటరు, చిన్న పంపు పెట్టి గరాజ్‌లో వేరే బకెట్‌లో కొన్ని వారాలు ఉంచి, రాత్రిళ్లు ఎర్ర లైటుతో చూశాకే లోపల పెట్టాను.

పురుగును ఏం చెయ్యాలన్నది మా వాడు తేల్చేశాడు. "అమ్మా, అది తన ఇంట్లో తనుంది, మనమే తెచ్చాం" అన్నాడు. వాగులో వదలడం తప్పు, ఫ్రీజర్‌లో పెట్టడానికి వాడు ఒప్పుకోలేదు. గరాజ్‌లో 10 గ్యాలన్ల పాత ట్యాంకులో నాలుగు రాళ్లు, ఇసుక వేసి అందులో ఉంచాం. కోరల్స్ ఏమీ లేవు. పొడవాటి పట్టకారుతో వాడే మేత పెడతాడు. వీడియో కాల్‌లో "తాతయ్యా, ఇవాళ రొయ్య తినింది" అని చూపిస్తే మా బాబాయ్ అంటారు కదా, "నేను రొయ్యలకి పురుగుల్ని మేపాను, నువ్వు పురుగుకి రొయ్యల్ని మేపుతున్నావురా!" అని. ఇప్పుడు ఫోన్ చేస్తే మమ్మల్ని అడిగేకన్నా ముందు దాన్నే అడుగుతున్నారు.

పెద్ద ట్యాంకులో కుడివైపు రాయికి కూడా అలాంటి గుండ్రటి రంధ్రం ఇంకొకటి ఉంది. ఇప్పటికైతే దాని మూతి దగ్గర జిగురు, గుల్లల పొడి లేవు. లోపల మామూలు బ్రిసిల్ వార్మ్ ఒకటి తిరుగుతోంది, దాన్ని అలాగే ఉండనిచ్చాను.