ముప్ఫై అయిదేళ్లకు ఐటీఐలో చేరాను: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం మా వర్క్‌షాప్‌లో చెక్క బోర్డు మీద మెట్ల వైరింగ్ పూర్తి చేశాను. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్, మధ్యలో ఒక బల్బు. ఏ స్విచ్ నొక్కినా వెలగాలి, ఏది నొక్కినా ఆరాలి. ముందు సిరీస్ ల్యాంపు (వైర్లు తప్పుగా కలిసి షార్ట్ అయిందేమో చెప్పే పరీక్ష దీపం) పెట్టి చూసుకున్నాను, తర్వాత సార్ సప్లై ఇచ్చారు. వెలిగింది. పైది నొక్కితే ఆరింది. కిందది నొక్కితే మళ్లీ వెలిగింది. ఇంటికొచ్చి అన్నం వండుతున్నా ఆ బల్బే కళ్ల ముందు ఉంది. ఈ సంతోషం ఉండగానే రాసేయాలని కూర్చున్నాను. ఇక్కడికి రావడానికి నేను పడ్డ భయాలు, పడ్డ మాటలు ఇప్పుడు ఇంకెవరో పడుతూ ఉంటారు.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2006లో పదో తరగతి పాసయ్యాను, 600కి 341. ఇంటర్ పోయింది. తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు. పదిహేనేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మావారు ఆటో నడుపుతారు.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు వరద మా మీద పడింది. మా పోర్షన్‌లో నడుముల్లోతు నీళ్లు. నీళ్లు తీశాక చూస్తే రెండు కుట్టు మిషన్ల మోటార్లు, ఫ్రిజ్, స్విచ్ బోర్డులు అన్నింటి నిండా బురదే. వీధి మొత్తానికి ఒకే ఎలక్ట్రీషియన్ దొరికాడు. మా వంతు రావడానికి అయిదు రోజులు పట్టింది. ఆయన పని చేస్తుంటే నేను టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. చేత్తో తిప్పే పిడి ఉన్న ఒక పెట్టె తీసి వైర్లకు తగిలించి చూస్తున్నాడు. అదేమిటని అడిగితే, "మెగ్గర్ అంటారమ్మా. వైరు పైన తొడుగు బాగుందా, కరెంటు బయటికి కారిపోతుందా ఇది చెబుతుంది" అన్నాడు. పని అయ్యాక పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. నేను వారం రోజులు కుడితే వచ్చే డబ్బు అది. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆ పనికి ఆ విలువ ఉంది. ఆ రాత్రే నాకు అనిపించింది, ఈ పని నేనెందుకు నేర్చుకోకూడదని.

అనిపించడం వేరు, వెళ్లడం వేరు. నాకు కరెంటంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు మా నాన్న చెయ్యి ఇనప కూలర్‌కు అతుక్కుపోయింది. అమ్మ పట్టుకోబోతే పక్కింటి తాతయ్య అమ్మను వెనక్కి నెట్టి, దండెం గడకర్ర తీసి నాన్న చేతి మీద గట్టిగా కొట్టాడు. చెయ్యి ఊడొచ్చింది. నాన్న బతికాడు కానీ, ఆ అరుపు నా చెవుల్లో అలాగే ఉండిపోయింది. పెళ్లయ్యాక కూడా బల్బు మార్చాలంటే మావారు రావాల్సిందే. ఇది ఒక భయం. పదహారేళ్ల పిల్లల మధ్య కూర్చోవాలంటే ఇంకో భయం. లెక్కలు మరో భయం. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పకుండా లోపలే దాచుకున్నాను. చెప్పాక మావారు "ముందు అప్లికేషన్ పెట్టు, తర్వాత భయపడు" అన్నారు.

ఐటీఐ అప్లికేషన్ మేలో నెట్ సెంటర్‌లో పెట్టించాను. అక్కడి అతను రెండు వందలు తీసుకుని, నా నంబరుకు బదులు తన నంబరు కొట్టేశాడు. ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ అతనికే వెళ్లాయి. మీ మొబైల్ నంబరు మీ కళ్లతో చూసుకున్నాకే సబ్మిట్ నొక్కనివ్వండి.

అసలు కథ సర్టిఫికెట్ల వెరిఫికేషన్ దగ్గర జరిగింది.

నా పదో తరగతి మెమో లామినేషన్ చేయించి ఉండడంతో వరదలో బతికిపోయింది. టీసీ మాత్రం తడిసి ఎండి, గట్టిపడి, సిరా అంతా పాకిపోయింది. పేరులో సగం, తేదీలో సగం కనబడతాయి. దాన్నే పాలిథిన్ కవర్లో పెట్టుకుని వెళ్లాను. మే నెల ఎండ, లైన్‌లో నా ముందు ఇరవై మంది పిల్లలు, వెనక అంతకంటే ఎక్కువ మంది. నా వంతు వచ్చింది. కౌంటర్‌లో ఆయన తలెత్తకుండానే "అబ్బాయి ఏడమ్మా? క్యాండిడేట్ రావాలి" అన్నాడు.

"నేనేనండీ క్యాండిడేట్‌ని."

అప్పుడు తలెత్తాడు. నన్ను కింద నుంచి పై దాకా చూసి, పక్క టేబుల్ ఆయనతో "ఇదిగో, మీ క్లాస్‌మేట్ వచ్చారు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. వెనక పిల్లల్లో కొందరు నవ్వారు. "ఏ ట్రేడు? కుట్టు పనా?" అని అడిగాడు. ఎలక్ట్రీషియన్ అన్నాను. "మగపిల్లలే స్తంభాలెక్కడానికి భయపడుతున్నారు" అంటూ ఫైలు తిప్పాడు. టీసీ కనబడింది. రెండు వేళ్లతో కొస పట్టుకుని పైకెత్తి లైన్ వైపు చూపిస్తూ "ఇది టీసీనా, అప్పడమా?" అన్నాడు.

"వరదలో తడిసిందండీ. మాది సింగ్‌నగర్."

"అందరూ వరదే చెబుతున్నారు."

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. వయసు గురించి ఏమన్నా పడేదాన్నేమో. ఆ రెండు రాత్రులు పిల్లలిద్దరినీ పక్కింటివాళ్ల డాబా మీద ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డ్రోన్లతో వేసిన భోజనం పొట్లాలు పంచుకుని తిన్నాం. బీరువా కింది అరలో ఉన్న ఫైలు తీద్దామని మావారు మళ్లీ నీళ్లలోకి దిగుతానంటే చెయ్యి పట్టుకుని ఆపింది నేనే. ఆ కాగితాన్ని పట్టుకుని అబద్ధమన్నట్టు మాట్లాడాడు. "ఈ వయసులో ఎందుకమ్మా, మీ వల్ల ఒక పిల్లాడి సీటు పోతుంది. అయినా మీకు ఏజ్ బార్" అని ఫైలు నా వైపు తోసి, "నెక్స్ట్" అన్నాడు.

నోట మాట రాలేదు. ఫైలు తీసుకుని బయటికొచ్చి బస్టాప్‌లో కూర్చున్నాను. రెండు బస్సులు పోయినా ఎక్కలేదు. కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చాను. ఎనిమిది నెలలు కూడగట్టుకున్న ధైర్యం అయిదు నిమిషాల్లో పోయింది. ఇంటికెళ్లి మావారితో "సీట్లు అయిపోయాయంట" అని అబద్ధం చెప్పాను. నిజం చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లు రోజుకు వంద మందిని చూస్తారు, విసుగు ఉంటుంది, కాదనను. కానీ ఎదుట నిలబడ్డ మనిషి ఆ రోజు కోసం ఎన్ని నెలలు తనకు తాను సర్దిచెప్పుకుని వచ్చాడో వాళ్లకు తెలియదు. టీసీ పనికిరాదంటే ఎక్కడికెళ్లి కొత్తది తెచ్చుకోవాలో చెప్పొచ్చు. అది వాళ్ల ఉద్యోగం. మనిషిని నలుగురిలో నిలబెట్టి నవ్వడం ఎవరి ఉద్యోగమూ కాదు.

మా ఎదురింటి అమ్మాయి డిగ్రీ చదువుతోంది. నా సంగతి విని "అక్కా, ఏజ్ బార్ అని ఎక్కడుందో చూద్దాం ఆగు" అని ఫోన్లో అడ్మిషన్ నోటిఫికేషన్ తీసింది. ఆగస్టు 1 నాటికి 14 ఏళ్లు నిండాలని ఉంది. పైవయసుకు పరిమితి లేదని అక్కడే ఉంది. నాలుగుసార్లు చదివించుకున్నాను. ఆ పేజీ ప్రింటు తీయించి, ఆ లైన్ కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను.

టీసీ డూప్లికేటు కోసం నేను చదివిన మున్సిపల్ స్కూలుకి వెళ్తే వేసవి సెలవులు, తాళం. జూన్ 12 దాకా ఆగాలి. మొదటి విడత కౌన్సెలింగ్ అలా పోయింది. స్కూలు తెరిచాక మూడుసార్లు తిరిగాను. మూడోసారి హెడ్‌మాస్టరు గారే అటక మీది పాత అడ్మిషన్ రిజిస్టరు దింపించారు. పేజీలు తిప్పుతూ నా పేరు దగ్గర వేలు పెట్టి ఆగి, పుట్టుమచ్చలు పైకి చదివారు. "ఎడమ చెంప మీద ఒకటి, కుడి మోచేతి కింద ఒకటి. ఏదమ్మా, చెయ్యి చూపించు." చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని మచ్చ చూసి, "నువ్వేనమ్మా" అని సంతకం పెట్టారు. ఇరవై ఏళ్ల కిందటి పుస్తకంలో నేను నేనేనని రాసి ఉంది. ఎందుకో ఆ మాటతో నాకు సగం బలం తిరిగొచ్చింది.

రెండో విడతకు వెళ్లేసరికి కౌంటర్‌లో అదే మనిషి. ఈసారి ఫైలు కంటే ముందు గీత గీసిన కాగితం పెట్టాను. చూసి "ఇది పాత రూలమ్మా" అన్నాడు. "అయితే కొత్త రూలు చూపించండి, చదువుకుని వెళ్తాను" అన్నాను. కాళ్లు వణుకుతున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. ఆయన ఏమీ చూపించలేదు. నేను నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. ఆయన కాగితం చదివి, కౌంటర్ మనిషిని పిలిచి "వయసుతో మనకేం పని, సర్టిఫికెట్లు చూడండి" అన్నారు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. రెండు నెలలు నేను కుమిలిపోయింది రెండు నిమిషాల పని కోసం. కౌంటర్ దగ్గర ఎవరైనా రూలు చెబితే కాగితం మీద చూపించమనండి. చూపించకపోతే పెద్దాయన గదికి వెళ్లండి. అక్కడ బతిమాలాల్సిన పని లేదు.

కౌన్సెలింగ్‌లో ఎలక్ట్రీషియన్ సీటు వచ్చింది. రెండేళ్ల కోర్సు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడంతో రానుపోను ఖర్చూ తప్పింది.

క్లాసులు మొదలయ్యాక భయాలు ఒక్కొక్కటీ పోయాయి, కానీ ఒకేలా పోలేదు. పిల్లలు మొదటి వారం ఆంటీ అన్నారు, రెండో వారానికి అక్కా అన్నారు, అంతే. కరెంటు భయానికి మందు మొదటి పాఠంలోనే దొరికింది. మొదట నేర్పేది భద్రతే. షాక్ తగిలిన మనిషిని ముట్టుకోకూడదు, ముందు మెయిన్ ఆపాలి, అది కుదరకపోతే పొడి కర్రలాంటి దానితో వేరు చేయాలి అని సార్ చెబుతుంటే నాకు గడకర్ర పట్టుకున్న తాతయ్య కనబడ్డాడు. మా బంధువులు చాలా ఏళ్లు ఆయన్ని తిట్టారు, చెయ్యి వాచేలా కొట్టాడని. ఆయన చేసిందే సరైన పని. మా అమ్మ ప్రాణం కూడా కాపాడాడు. ఆయన ఇప్పుడు లేడు, ఉంటే వెళ్లి కాళ్లకు దండం పెట్టేదాన్ని.

టెస్టర్ పట్టుకోవడానికి మాత్రం వారం పట్టింది. సాకెట్‌లో కొన పెట్టి, వెనక బిళ్ల మీద వేలు ఆనించాలి. అప్పుడు లోపల చిన్న నియాన్ దీపం వెలుగుతుంది. అంటే కరెంటు నా వేలి గుండా పోతున్నట్టే కదా అని నా టెన్షన్. సార్ పాత టెస్టర్ ఒకటి విప్పి నా అరచేతిలో పెట్టారు. స్ప్రింగు, చిన్న దీపం, దాని వెనక బియ్యపు గింజంత రెసిస్టర్. "ఈ గింజ 230 వోల్టులను మీ దాకా రానివ్వదమ్మా. మీ దాకా వచ్చేది మీకు తెలియనంత తక్కువ" అన్నారు. విప్పి చూసిన వస్తువంటే భయం ఉండదు. ఆ రోజే పట్టుకున్నాను.

లెక్కలు మా ఇస్త్రీ పెట్టెతో వచ్చాయి. 1000 వాట్లు, 230తో భాగిస్తే నాలుగు ఆంపియర్ల పైచిలుకు. అందుకే దానికి ఆరు ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది, గీజర్‌కు సరిపోదు. గజాలు, అంగుళాలు, పావులు, అరలు పదిహేనేళ్లు లెక్కపెట్టినదాన్ని, నాకు లెక్కలు రావని ఎందుకు అనుకున్నానో తెలియదు. వైర్లు కలపడంలో అయితే గర్వంగానే చెబుతాను. రెండు వైర్ల పోగులను ఒకదానిలో ఒకటి కలిపి చుట్టడాన్ని మ్యారీడ్ జాయింట్ అంటారు. అందులో చుట్లు దారం కుట్టు వేసినట్టు పక్కపక్కన సమానంగా పడాలి. నా జాయింట్‌ను సార్ టేబుల్ మీద పెట్టి "ఇలా ఉండాలి" అని అందరికీ చూపించారు. ఆ చెయ్యి జాకెట్లు కుట్టిన చెయ్యే.

నిన్న సాయంత్రం బల్బు సంగతి చెబుతుంటే మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టే ఆవిడ విని, "నాకు ముప్ఫై ఎనిమిది, పది పాసయ్యాను, నన్ను రానిస్తారా?" అని మెల్లగా అడిగింది. మెమో, టీసీ ఇప్పుడే వెతికి పెట్టుకోమన్నాను. టీసీ లేకపోతే స్కూలు సెలవులకు ముందే వెళ్లాలని చెప్పాను. వచ్చే అడ్మిషన్లకు ఆవిడతో పాటు కౌంటర్ దాకా నేనూ వెళ్తాను. కొత్త నోటిఫికేషన్ రాగానే ఆ పేజీ ప్రింటు తీయించాలి. ఎర్ర పెన్ను ఫైల్లోనే ఉంది.