ఉప్పు మడి నుంచి ఆవర్తన పట్టిక దాకా

బరంపురంలో స్థిరపడిన మాబోటి తెలుగు కుటుంబాల పిల్లలు వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరుగుతారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కనుక ఇక్కడ తెలుగు వినిపించడంలో వింత లేదు. అయితే ఇంటి తెలుగు అన్నానికి పిలవడానికీ, పండగకు వచ్చిన చుట్టాలను పలకరించడానికీ మాత్రమే పరిమితమైతే, పిల్లలు పదిహేనేళ్లు వచ్చేసరికి దానిని పొట్టిదైపోయిన గౌనులా పక్కన పెట్టేస్తారని నా గట్టి నమ్మకం. బుర్రకు పని చెప్పే విషయాలు, ముఖ్యంగా బడిలో కష్టమనిపించినవి, ఇంట్లో తెలుగులో చర్చకు రావాలి. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి నేను రసాయన శాస్త్రాన్ని తెలుగులో చెప్పడానికి కారణం అదే.

దీనికి తక్షణ అవసరం కూడా తోడైంది. పాఠ్యభారం తగ్గించే క్రమంలో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి మూలకాల ఆవర్తన వర్గీకరణ అధ్యాయాన్ని, అంటే ఒకే రకం గుణాలున్న మూలకాలు ఒకే నిలువు వరుసలో వచ్చేలా పట్టికగా పేర్చే పద్ధతిని చెప్పే పాఠాన్ని, తొలగించింది. ఆ విషయం ఇప్పుడు పదకొండో తరగతిలో వస్తుంది. సైన్సు గ్రూపు తీసుకోని పిల్లలకు అది ఎప్పటికీ రాదు. ఈ లోటును ఇల్లే పూడ్చాలని నేను అనుకున్నాను.

మొదటి ఇరవై మూలకాలను వరుసగా వల్లె వేయించడం మన ఇళ్లలో అలవాటు. కంఠస్థం చెడ్డదని నేను అనను, కానీ అది అర్థమైన తరువాత చేయవలసిన పని. అందుకే నేను హైడ్రోజన్‌తో కాక ఉప్పుతో మొదలుపెట్టాను. గంజాం జిల్లాలో హుమ్మ దగ్గర ఉప్పు పండుతుంది. మా అమ్మగారి ఊరికి వెళ్లే దారిలో, శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర కూడా పండుతుంది. సరిహద్దుకు అటూ ఇటూ జరిగేది ఒకటే: కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి, ఎండకు నీరు ఆవిరై పోయేకొద్దీ సోడియం క్లోరైడ్ స్ఫటికాలుగా దిగుతుంది, మడిలో మిగిలే చేదు నీటిలో మెగ్నీషియం లవణాలు ఉండిపోతాయి. సోడియం 11వ మూలకం, మెగ్నీషియం 12వది. పట్టికలో పక్కపక్కన ఉన్న ఆ రెండూ ఒకే మడిలో కనబడడం మా అమ్మాయికి ఎంతో నచ్చింది.

అప్పుడే ఆమె అడగవలసిన ప్రశ్న అడిగింది. సోడియం నీటిలో పడితే భగ్గుమనే లోహం, క్లోరిన్ విషవాయువు, మరి ఆ రెండూ కలిసినది మనం పప్పులో ఎలా వేసుకుంటున్నామమ్మా అని. జవాబు పరమాణువు లోపల ఉంది. సోడియం పరమాణువులోని 11 ఎలక్ట్రాన్లు 2, 8, 1గా కక్ష్యలలో అమరి ఉంటాయి. క్లోరిన్‌లోని 17 ఎలక్ట్రాన్లు 2, 8, 7గా ఉంటాయి. సోడియం తన చివరి ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది, క్లోరిన్ దానిని పుచ్చుకుంటుంది, ఇద్దరికీ వెలుపలి కక్ష్యలో ఎనిమిది నిండుతాయి. ఆ తరువాత ఉప్పులో ఉన్నవి భగ్గుమనే సోడియమూ కాదు, ఊపిరి తీసే క్లోరినూ కాదు. ఎలక్ట్రాన్ పోయి ధనావేశం, వచ్చి చేరి రుణావేశం పొందిన పరమాణువులు, అంటే అయాన్లు. ఒక గ్రాము ఉప్పులో 1 పక్కన 22 సున్నాలు పెడితే వచ్చేటన్ని జతలు ఉంటాయని లెక్క కట్టి చూపించాను. సోడియం కింద ఉన్న పొటాషియానికి కూడా చివరి కక్ష్యలో ఒకటే ఎలక్ట్రాన్ ఉండటం వల్ల దాని ప్రవర్తన కూడా అలాగే ఉంటుందని చెప్పగానే, నిలువు వరుసలు ఎందుకు ఉన్నాయో ఆమెకే బోధపడింది.

ఈ పట్టికను కూర్చిన రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ గొప్పతనం ఆ తరువాతే చెప్పాలి, లేకపోతే అది ఒక పేరూ ఒక సంవత్సరంగానే మిగిలిపోతుంది. 1869 నాటికి తెలిసిన మూలకాలు 63. ఆయన వాటిని పరమాణు భారాల క్రమంలో పేరుస్తూ, గుణాలు కుదరని చోట బలవంతంగా ఇరికించక ఖాళీలు వదిలాడు. అల్యూమినియం కింది ఖాళీలో రావలసిన మూలకం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 5.9 గ్రాములు ఉంటుందని ముందే అంచనా వేశాడు. 1875లో ఫ్రాన్స్‌లో గాలియం దొరికినప్పుడు కనుగొన్న శాస్త్రజ్ఞుడు దాని సాంద్రతను 4.7గా కొలిచాడు. మెండలీవ్ మళ్లీ కొలవమన్నాడు. శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది. ఆ లోహాన్ని కంటితో చూడని మనిషి, చేతిలో పట్టుకున్న మనిషి కంటే సరిగ్గా చెప్పగలిగాడు. పిల్లలకు శాస్త్రం మీద గౌరవం కలిగించడానికి ఇంతకు మించిన కథ నాకు తెలియదు. అయోడిన్ కంటే బరువైన టెల్లూరియం దానికి ముందు ఎందుకు ఉందన్న చిక్కు మాత్రం 1913లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మోస్లే పరమాణు సంఖ్యను, అంటే పరమాణు కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను, ఎక్స్-కిరణాలతో నిర్ధారించి, పట్టిక క్రమం భారాన్ని బట్టి కాక దానిని బట్టే అని తేలాకే విడిపోయింది. ఇప్పుడు పట్టికలో 118 మూలకాలు ఉన్నాయి.

మా జిల్లాలో ఉన్న పెద్ద పాఠం సముద్రపు ఒడ్డున ఉంది. ఈ తీరపు ఇసుకలో కనిపించే నల్లని చారలలో ఎక్కువగా ఉండేది ఇల్మెనైట్, అంటే ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. మామూలు ఇసుక రేణువుల కంటే చాలా బరువైనది కాబట్టి అలలు తేలిక ఇసుకను లాక్కుపోయినా అది ఒడ్డున నిలిచిపోతుంది. అణుశక్తి విభాగం కింద పనిచేసే ఐఆర్‌ఈఎల్ సంస్థ ఛత్రపురం దగ్గర ఈ ఇసుక నుంచి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాలను వేరు చేస్తుంది. గోడలకు వేసే తెల్ల రంగులో ఉండే టైటానియం డయాక్సైడ్‌కు ముడిసరుకు ఈ నల్ల ఇసుకేనని విన్నప్పుడు మా అమ్మాయి కాసేపు నమ్మలేదు.

మోనజైట్ దగ్గర మేము ఎక్కువ సేపు ఆగాము. అందులో సీరియం, లాంథనం, నియోడిమియం వంటి విరళ మృత్తికలు (రేర్ ఎర్త్ మూలకాలు) కలిసే దొరుకుతాయి. పట్టికలో 57 నుంచి 71 వరకు ఉన్న మూలకాలను కింద విడిగా ఎందుకు రాస్తారో ఇక్కడే వివరించాను: వాటిలో కొత్తగా చేరే ఎలక్ట్రాన్లు దాదాపుగా లోపలి కక్ష్యలోనే నిండుతాయి, వెలుపలి అమరిక పెద్దగా మారదు, అందువల్ల గుణాలు దగ్గరగా ఉంటాయి, ప్రకృతిలో కలిసి ఉంటాయి, వేరు చేయడం చాలా కష్టమవుతుంది. పక్కింటి ఒడియా అమ్మాయి వచ్చినప్పుడు మా అమ్మాయి ఇదంతా ఆమెకు ఒడియాలో తడుముకోకుండా చెప్పింది. తెలుగులో అర్థం చేసుకున్నది మరో భాషకు అడ్డు రాలేదు. ఆ పిల్ల మోనజైట్‌లో థోరియం కూడా ఎందుకు ఉంటుందని అడిగింది. ఇద్దరూ పట్టిక ముందు వేసుకుని, 58వ సీరియానికి సరిగ్గా కింద 90వ థోరియం ఉందని, రెండింటి అయాన్ల పరిమాణం దగ్గరగా ఉండటంతో ఒకదాని చోట మరొకటి ఇమడగలుగుతోందని వాళ్లే తేల్చుకున్నారు.