చిట్టి వెనక కాళ్లు మళ్లీ నేల మీద ఆనేదాకా

మా కుక్క చిట్టికి వెన్నులో డిస్క్ జారి వెనక కాళ్లు పడిపోయిన రాత్రి నేను ఫోన్ పట్టుకుని తెల్లారేదాకా వెతుకుతూనే ఉన్నాను. ఇంట్లో దాన్ని ఎలా ఎత్తుకోవాలో, ఎలా పడుకోబెట్టాలో మన భాషలో చెప్పినవాళ్లు ఒక్కరూ కనపడలేదు. ఇప్పుడు ఇంకెవరైనా అలాంటి రాత్రిలో ఉంటే వాళ్లకి పనికొస్తుందని గుర్తున్నదంతా రాస్తున్నాను.

చిట్టి మా డాక్స్‌హండ్, ఐదేళ్లు. పొడవాటి నడుము, పొట్టి కాళ్లు. ఆ రోజు సాయంత్రం నుంచే ఏదో తేడాగా ఉంది. సోఫా ఎక్కలేదు, పిలిస్తే తల తిప్పింది కానీ కదల్లేదు, వీపు విల్లులా వంచి ఒళ్లంతా సన్నగా వణుకుతూ మూలన నిలబడింది. పొట్ట మీద చెయ్యి వేస్తే రాయిలా ఉంది, అజీర్తి అనుకున్నాం. చాలామంది ఇక్కడే పొరబడతారట. నడుము నొప్పికి కుక్క పొట్ట బిగబట్టుకుంటుంది, చూసేవాళ్లకి అది పొట్ట నొప్పిలా కనిపిస్తుంది. తెల్లారేసరికి నడుస్తుంటే వెనక కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. ఎడమ పాదం వేళ్లు కిందికి మడుచుకుపోయి పాదం పైభాగమే నేలకి ఆనుతోంది, అడుగు వేసినప్పుడల్లా గోళ్లు గచ్చు మీద గీరుకుపోతున్న చప్పుడు. మధ్యాహ్నానికి లేవడమే మానేసింది.

మొదట చూపించిన చోట ఎక్స్‌రే తీసి ఎముకలన్నీ బాగానే ఉన్నాయి, కాస్త నడిపించండి, లేకపోతే కాళ్లు బిగుసుకుపోతాయి అన్నారు. ఆ మాట నమ్మి ఇంకో రోజు నడిపించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. మామూలు ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ, జారిన డిస్క్ వెన్నుపామును ఎంత నొక్కుతోందో కనిపించదు. అది తెలియాలంటే ఎంఆర్ఐ గానీ సీటీ గానీ తీయాలి. మనసొప్పక అదే సాయంత్రం ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ ముందు చిట్టి వెనక పాదాన్ని తలకిందులుగా మడిచి నేల మీద పెట్టి చూశారు. మామూలుగా అయితే కుక్క వెంటనే పాదాన్ని సరిచేసుకుంటుంది, చిట్టి అలాగే ఉంచేసింది. తర్వాత వేలిని పటకారు లాంటి దానితో గట్టిగా నొక్కారు. చిట్టి గిరుక్కున తిరిగి అరిచింది. ఆవిడ "హమ్మయ్య" అన్నారు. నాకు అర్థం కాలేదు, బిడ్డ అరిస్తే హమ్మయ్య ఏంటని.

తర్వాత విడమరిచి చెప్పారు. ఈ జబ్బుని 5 గ్రేడులుగా చూస్తారు. 1 అంటే నొప్పి మాత్రమే, 2 అంటే తూలుతూ నడవడం, 3 అంటే కాళ్లు కాస్త కదులుతాయి కానీ నడవలేదు, 4 అంటే అసలు కదలవు కానీ వేలు నొక్కితే నొప్పి తెలుస్తుంది, 5 అంటే ఆ నొప్పి కూడా తెలియదు. చిట్టిది 3. 5కి వెళితే ఇంట్లో కూర్చుని విశ్రాంతి అనే మాటే లేదు, గంటలు లెక్కపెట్టుకుంటూ ఆపరేషన్‌కి పరుగెత్తాల్సిందే. 3లో కూడా ఆపరేషన్ మంచి దారేనని దాచకుండా చెప్పారు. మా పరిస్థితిలో ముందు మందులు, విశ్రాంతితో చూద్దాం, కాళ్లలో ఉన్న ఆ కాస్త కదలిక పోయినా, వేలు నొక్కితే తల తిప్పకపోయినా అర్ధరాత్రయినా సరే వచ్చేయండి అన్నారు. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు అని నేను రాస్తున్నది చదివి ఎవరూ డాక్టరుకి చూపించడం మానొద్దు. ఇంట్లో చేసేదంతా ఆ పరీక్ష అయ్యాకే.

అసలు ఇలా ఎందుకు అవుతుందంటే, రెండు వెన్నుపూసల మధ్య ఒక మెత్త ఉంటుంది, దాన్నే డిస్క్ అంటారు. పైన గట్టి పీచు వలయం, లోపల జిగురులాంటి గుజ్జు. డాక్స్‌హండ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బీగిల్, షి జూ లాంటి జాతుల్లో ఆ గుజ్జు చిన్న వయసులోనే, దాదాపు మొదటి ఏడాదిలోనే, ఎండిపోయి సున్నంలా గట్టిపడటం మొదలవుతుంది. ఇక ఎప్పుడో ఒకప్పుడు వలయం చిరిగి ఆ గట్టిపడ్డ ముక్క పైకి ఎగదన్ని వెన్నుపాముకి తగులుతుంది. దీని వెనక ఉన్న జన్యువుని 2017లో కనుక్కున్నారు. 12వ క్రోమోజోమ్ మీద ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకి ఒక అదనపు నకలు ఉండటమే కారణం. సోఫా మీద నుంచి దూకనిచ్చాను, నావల్లే ఇలా అయిందని నేను రోజుల తరబడి కుమిలిపోయాను. దూకడం ఆఖరి దెబ్బ అయి ఉండొచ్చు కానీ లోపల డిస్క్ ఎండటం అది పుట్టినప్పటి నుంచే రాసిపెట్టి ఉంది. ఇది తెలిశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మందుల గురించి రెండు మాటలే. డాక్టరు వాపు తగ్గేందుకు ఒకటి, నరాల నొప్పికి గాబాపెంటిన్, కండరాల బిగుతుకి ఒకటి ఇచ్చారు. ఇంట్లో మనం వేసుకునే నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, కుక్కకి విషం. స్టెరాయిడ్, మామూలు వాపు మందు రెండూ కలిపి వాడితే కడుపులో పుండ్లు పడి చిల్లు పడే ప్రమాదం ఉంది, కాబట్టి ముందు చూపించిన చోట ఏ మందు ఇచ్చారో కొత్త డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. మనుషులకి అమ్మే గాబాపెంటిన్ సిరప్‌లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, అది కుక్కలకి ప్రాణాంతకం. సిరప్ ఏదైనా సరే డాక్టరుని అడక్కుండా వద్దు.

ఇక క్రేట్, అంటే కుక్క ఎక్కువ కదలకుండా ఉంచే గడియ ఉన్న పెట్టె. చిట్టి లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునేంత ఉండాలి, నాలుగు అడుగులు పరుగెత్తేంత ఉండకూడదు. కింద పరుపు మరీ మెత్తగా ఉంటే అడుగు దిగబడి నడుము మెలిపడుతుందని గట్టి పరుపు వేశాం, దాని మీద జారని గుడ్డ. హాల్లో ఒక పక్కన పెట్టాం, మేమంతా కనిపించాలి కానీ తలుపు కనిపించకూడదు. బెల్ మోగితే అది ఎగిరి లేస్తుంది కాబట్టి ఆ రోజే బెల్ తీసేశాం.

ఎత్తుకోవడం కూడా కొత్తగా నేర్చుకున్నాం. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద, నడుము పలకలా నేలకి సమానంగా ఉండాలి. చంకల కింద చేతులు వేసి పసిపాపని ఎత్తినట్టు ఎత్తితే వెనక భాగమంతా వేలాడి బరువు సరిగ్గా దెబ్బతిన్న చోటే పడుతుంది. మా అమ్మకి ఇది అలవాటు కావడానికి మూడు రోజులు పట్టింది, "ఆగు ఆగు, నువ్వెత్తు" అని నన్ను పిలిచేది.

అన్నిటికంటే భయపడింది మూత్రం దగ్గర. రెండో రోజు పరుపు తడిసి ఉంటే సంతోషించాను, పోనీలే సొంతంగా పోసుకుంటోందని. అది కాదట. వెన్నుపాము నొక్కుకుపోతే మూత్రాశయం ఖాళీ చేయాలన్న సందేశం కిందికి వెళ్లదు, నిండిపోయి పొంగినదే బయటికి కారుతుంది. లోపల అలాగే నిలవ ఉంటే ఇన్ఫెక్షన్ వస్తుంది, సంచి సాగి పాడవుతుంది. డాక్టరు నా చేతుల మీద తన చేతులు పెట్టి నేర్పించారు. వెనక కాళ్లకి కాస్త ముందు, పొట్టకి రెండు వైపులా అరచేతులు ఆనించి నెమ్మదిగా దగ్గరికి తెస్తే లోపల నీళ్లు నింపిన బెలూన్‌లా ఒకటి తగులుతుంది. దాన్ని వేళ్ల కొసలతో కాకుండా చదునుగా, నిదానంగా వెనక్కి నొక్కాలి. మొదటిసారి ఒక్కదాన్నే చేసినప్పుడు పావుగంట పట్టింది, చెమటలు పట్టాయి, బొట్టు రాలేదు. నేను బిగుసుకుపోతే అదీ బిగుసుకుపోయేది. తర్వాత దాని తల నా మోచేతి మీద ఆనించుకుని, ఊపిరి వదిలినప్పుడు మాత్రమే నొక్కడం మొదలుపెట్టాను. చెయ్యి కింద ఆ బెలూన్ మెల్లగా చిన్నదైపోవడం తెలిసింది. రోజుకి నాలుగుసార్లు, పదకొండు రోజులు అలా చేశాం. వీడియోలు చూసి సొంతంగా ప్రయత్నించొద్దు, డాక్టరు ముందు ఒకసారి చేసి చూపించుకున్నాకే ఇంటికి రండి. మూత్రం మబ్బుగా ఉన్నా, వాసన మారినా, ఎర్రగా ఉన్నా అదే రోజు చెప్పాలి.

సుమారు తొమ్మిదో రోజుకి నొప్పి తగ్గిపోయింది. కళ్లల్లో వెలుగు వచ్చింది, తిండి గిన్నె చప్పుడుకి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇల్లంతా పండగలా అనిపించింది. నిజానికి ఈ జబ్బులో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు ఇక్కడి నుంచే మొదలవుతాయని నాకు అప్పుడు తెలియదు. నొప్పి తగ్గింది మందుల వల్ల, వాపు తీయడం వల్ల. చిరిగిన వలయం ఇంకా అతుక్కోలేదు, దానికి వారాలు పడుతుంది. కుక్కకి ఆ సంగతి తెలియదు కదా, నొప్పి లేదంటే పరుగెత్తొచ్చనే దాని లెక్క. ముందు నొప్పే దాన్ని కదలకుండా ఆపింది, ఇప్పుడు ఆపాల్సింది మనం.

పన్నెండో రోజు నేను క్రేట్ గడియ సరిగ్గా వేయలేదు. నీళ్లు మార్చి, ఫోన్ మోగితే లేచి వెళ్లాను. వెనక నుంచి గోళ్ల చప్పుడు. తిరిగేసరికి చిట్టి హాలు మధ్యలో ఉంది, నన్ను చూసి వేగంగా రాబోయి వెనక భాగం జారి ఒక పక్కకి పడింది. కీచుమని ఒకే ఒక్క అరుపు. ఆ రాత్రి గంటకోసారి లేచి దాని వేళ్ల మధ్య గిల్లి చూశాను, తల తిప్పి చూస్తోందా లేదా అని. చూసింది. కానీ అప్పటికి వచ్చిన కాస్త పట్టు మళ్లీ తగ్గింది, వారం వెనక్కి వెళ్లాం. ఆ మరుసటి రోజు నుంచి గడియకి ఒక తాడు కూడా కట్టాం.

ఎన్ని వారాలు కట్టేయాలి అన్నదాని మీద డాక్టర్లందరిదీ ఒకే మాట కాదు. 2022లో పశువైద్య నిపుణులు ఇచ్చిన సూచనల్లో కనీసం 4 వారాలు కదలికలు తగ్గించమని ఉంది. మా డాక్టరు 6 అన్నారు, నా వల్ల ఒక వారం పోయింది కాబట్టి మేం 7 ఉంచాం. ఆ ఏడుపు వినడం చాలా కష్టం. "ఇంకొన్నాళ్లే కన్నా" అంటూ నేను క్రేట్ పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. పడుకునే చోటే ముక్కుకి, నోటికి పని కల్పిస్తే సగం ఏడుపు తగ్గుతుంది. తిండిని గిన్నెలో పెట్టకుండా మడిచిన గుడ్డ మడతల్లో దాస్తే వెతుక్కుంటూ తినేది, ఇరవై నిమిషాలు గడిచిపోయేవి.

మూడో వారం దాటాక, డాక్టరు సరేనన్నాకే, వ్యాయామాలు. పక్కకి పడుకోబెట్టి వెనక కాలుని సైకిల్ తొక్కినట్టు మెల్లగా తిప్పడం, పాదం కింద అరచెయ్యి పెట్టి అది తన్నేలా చేయడం, జారని చాప మీద నాలుగు పాదాలూ సరిగ్గా పెట్టి నడుము పట్టుకుని పది సెకన్లు నిలబెట్టడం. అంతే. బయటికి తీసుకెళ్లినప్పుడు పొట్ట కింద నుంచి తువ్వాలు వేసి పైకి పట్టుకోవాలి, ఎత్తేయడానికి కాదు, పడకుండా ఆసరాకి. నడక ఎంత నిదానంగా ఉంటే అంత మంచిది. వేగంగా నడిస్తే కుక్క తూలు కనపడకుండా ఎగురుకుంటూ వెళ్లిపోతుంది, నెమ్మదిగా నడిస్తే ఒక్కో పాదం ఎక్కడ పెట్టాలో మళ్లీ నేర్చుకుంటుంది.

ప్రతి ఆదివారం ఒకే చోట, ఒకే వైపు నుంచి ఫోన్లో అర నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, ఏమీ బాగుపడట్లేదని ఏడుపొస్తుంది. మూడో ఆదివారం వీడియో పక్కన ఐదోది పెట్టి చూసినప్పుడు గానీ ఎడమ పాదం పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా ఆనుతోందని నాకు తెలియలేదు. తోక మాత్రం వీడియో అక్కర్లేకుండానే తెలిసింది. నాలుగో వారంలో అమ్మ గుమ్మం దాటి లోపలికి వస్తుంటే క్రేట్ గోడకి టప్, టప్ అని రెండుసార్లు తగిలింది. అమ్మ చేతిలో సంచి కింద పెట్టేసి అక్కడే కూర్చుండిపోయింది.

ఇప్పుడు ఆరు నెలలైంది. భయం పోయిందని చెప్పలేను. ఆపరేషన్ లేకుండా చూసుకున్న 223 కుక్కల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో సగానికి కాస్త ఎక్కువ బాగుపడ్డాయి, పదింట మూడింటికి మళ్లీ వచ్చింది. అందుకే కాలర్ తీసేసి ఛాతీకి వేసే పట్టీ వాడుతున్నాం, సోఫాకి ఏటవాలు పలక పెట్టాం, గచ్చంతా చాపలు పరిచాం. కిలోన్నర బరువు తగ్గించాం, చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలన్నది మా కొలత. చిట్టి అప్పుడప్పుడు పలక వదిలేసి సోఫా కింద నిలబడి నావైపు చూస్తుంది, ఎత్తుకోమని. ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి వేసి ఎత్తుతాను.

నిన్న గోళ్లు తీస్తుంటే చూశాను. ఎడమ పాదం మధ్య వేళ్లవి రెండూ ఈడ్చి ఈడ్చి మొదలుదాకా అరిగిపోయి ఉండేవి, ఇప్పుడు మిగతావాటితో సమానంగా పెరిగాయి. ఈసారి వాటిని కూడా కత్తిరించాల్సి వచ్చింది.