ఆరోహణలో మధ్యమం లేదు: మోడ్యులర్ సింథ్‌ను బిలహరి దారిలో పెట్టిన అనుభవం

మోడ్యులర్ సింథ్ అంటే విడివిడి మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి శబ్దం పుట్టించే వాద్యం. దానితో బిలహరి రాగం పలికించాలని, ముందు మోహన రాగంతో మొదలుపెట్టాను. ఐదే స్వరాలు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అవే. ఈ మాడ్యూళ్లను కంప్యూటర్లో అనుకరించే, ఉచితంగా దొరికే వీసీవీ ర్యాక్ చాలు. స్వరం ఎత్తును వోల్టేజీ చెబుతుంది: అందులో ఒక వోల్టు అంటే ఒక ఆక్టేవు (స నుంచి పై స దాకా), అర్ధస్వరం అంటే అందులో పన్నెండో వంతు, 0.083 వోల్టు. షడ్జమం సున్నా అనుకుంటే రి 0.167, గ 0.333, ప 0.583, ద 0.75, పై స 1.0.

ర్యాండమ్ మాడ్యూల్ 0 నుంచి 10 వోల్టుల దాకా ఏదో ఒకటి విసురుతుంది. అలాగే వదిలేస్తే పది ఆక్టేవుల మీద గంతులే. వోల్టేజీని తగ్గించే అటెన్యుయేటర్‌తో 12 శాతానికి తగ్గిస్తే 1.2 వోల్టులకు, అంటే పై రిషభం దాకా కుదురుకుంటుంది. దాన్ని, ఏ వోల్టేజీనైనా ఎంచుకున్న స్వరాలకు సర్దే క్వాంటైజర్‌లోకి పంపి, మోహన స్వరాల మీటలు మాత్రమే వెలిగించాను.

స్వరాలన్నీ సరైనవే, అయినా ఎక్కడా నిలవడం లేదు. ఒంగోలులో వయొలిన్ నేర్పే మాస్టారొకరు రెండు నిమిషాలు విని "ఇది మోహన కాదబ్బయా, మోహన అక్షరాలు" అన్నారు. కారణం లెక్కలోనే ఉంది. క్వాంటైజర్ వచ్చిన వోల్టేజీని దగ్గరి స్వరానికి లాగుతుంది. కాబట్టి పక్కన ఖాళీ ఎక్కువున్న స్వరానికి వాటా ఎక్కువ. ఒక్క ఆక్టేవు వరకు చూస్తే గ, ప, ద ఒక్కొక్కటి నూటికి 21 సార్లు పడతాయి. కింది స ఎనిమిది సార్లే. ఆధారమే అందరికంటే తక్కువ వినపడితే ఇక శ్రుతి ఎక్కడ నిలుస్తుంది?

మందు తాళంలో దొరికింది. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు, దెబ్బకు రెండు స్వరాలు, మొత్తం 16 అడుగులు. అడుగులు వేయించే క్లాక్‌ను 16తో భాగించి, సమం (ఆవర్తం మొదటి దెబ్బ) మీద స్విచ్ తిప్పి, ర్యాండమ్ బదులు సున్నా వోల్టులు పంపాను. అంటే ప్రతి ఆవర్తమూ షడ్జమంతోనే మొదలవుతుంది. తర్వాత ర్యాండమ్ తీసేసి, టామ్ విట్‌వెల్ రూపొందించిన ట్యూరింగ్ మెషీన్ అనే, యాదృచ్ఛిక వరసను మళ్లీ మళ్లీ తిప్పగల మాడ్యూల్ పెట్టాను. దాని పెద్ద నాబ్ నడిమధ్యన ఉంటే ప్రతి అడుగూ బొమ్మా బొరుసే. పూర్తిగా కుడికి తిప్పితే ఉన్న 16 అడుగులే చుట్టూ తిరుగుతాయి. మూడు గంటల దగ్గర పెడితే విన్న సంగతే మళ్లీ వస్తూ, అప్పుడప్పుడూ ఒక్క స్వరం మారుతుంది. నా చెవికి అక్కడే బాగుంది.

అసలు పని బిలహరితో వచ్చింది. సంగీతం క్లాసులో పిల్లలకు స్వరజతిగా వచ్చే రాగమే. ఎక్కేటప్పుడు మోహన స్వరాలు, దిగేటప్పుడు శంకరాభరణంలోలాగా ని, మ కూడా. క్వాంటైజర్‌కు ఏ స్వరాలున్నాయో తెలుసు గానీ ఎటు పోతున్నామో తెలీదు. అందుకే రెండు క్వాంటైజర్లు పెట్టాను, ఎక్కడానికొకటి, దిగడానికొకటి. పాత వోల్టేజీకన్నా కొత్తది ఎక్కువైతే మొదటిదాన్ని, తక్కువైతే రెండోదాన్ని గేట్ స్విచ్ ఎంచుకోవాలి.

మొదటి తప్పు ఇక్కడే చేశాను. క్వాంటైజ్ కాని వోల్టేజీలనే పోల్చాను. 0.45 వచ్చి ఆరోహణ క్వాంటైజర్‌లో గాంధారం అయింది. తర్వాత 0.43 వచ్చింది. తగ్గింది కాబట్టి అవరోహణ క్వాంటైజర్‌కు పోయి మధ్యమం అయింది. చెవికి వినపడింది గ నుంచి మ, రాగంలో లేని ఎక్కడం. కొత్త వోల్టేజీని పోల్చాల్సింది కిందటిసారి మోగిన స్వరంతో. 0.43 అనేది 0.333 కంటే ఎక్కువ, కాబట్టి ఆరోహణ, కాబట్టి మళ్లీ గాంధారమే.

రెండో తప్పు, బయటికొచ్చే స్వరాన్ని నేరుగా, రెండు వోల్టేజీలను పోల్చే కంపేర్ మాడ్యూల్‌కు తగిలించడం. పంచమం తర్వాత 0.433 వచ్చిందనుకోండి, మధ్యమం పలుకుతుంది. వెంటనే ఆ మధ్యమాన్నే (0.417) పోల్చి, "ఎక్కుతున్నాం" అనుకుని గాంధారంలోకి జారిపోతుంది. మధ్యలో, క్లాక్ వచ్చినప్పటి వోల్టేజీని పట్టి ఉంచే శాంపుల్ అండ్ హోల్డ్ పెట్టి, ట్యూరింగ్ మెషీన్‌కు పోయే క్లాక్‌నే దానికీ ఇస్తే పాత స్వరం అడుగు పూర్తయ్యేదాకా కదలదు.

స్వరాన్ని మోగించే ఎన్వలప్ ట్రిగ్గర్‌ను మాత్రం 2 మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి. ర్యాక్‌లో ప్రతి కేబులూ ఒక్క శాంపుల్ (డిజిటల్ ధ్వనిలో అతి చిన్న తునక) వెనకబడుతుంది. ఆలస్యం లేకపోతే స్వరం మొదట్లో పాత స్వరం చిన్న టిక్కులా వినిపిస్తుంది. అసలు (హార్డ్‌వేర్) మాడ్యూళ్ల మీద 5 మిల్లీసెకన్లు ఇవ్వడం మేలు.

ఆ అసలు మాడ్యూళ్లకు మా మే నెల ఇంకో పరీక్ష. ఏసీలో 28 డిగ్రీల దగ్గర శ్రుతి చేసిన ఆసిలేటర్ (ధ్వని పుట్టించే మాడ్యూల్), కరెంటు పోయి గది 38కి చేరాక రెండు ఆక్టేవులు పైన దాదాపు 80 సెంట్లు (అర్ధస్వరానికి 100 సెంట్లు) తప్పుతుంది, వేడి మార్పును సరిచేసే టెంప్‌కో రెసిస్టర్ లేకపోతే. డిగ్రీకి 0.33 శాతం మార్పు ట్రాన్సిస్టర్ల స్వభావం. అరగంట వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే శ్రుతి చూడాలి. స్వరం వోల్టేజీని రెండు ఆసిలేటర్లకు పంచేటప్పుడు వోల్టేజీ పడిపోకుండా కాపాడే బఫర్ లేని మల్టిపుల్ (సిగ్నల్‌ను పంచే మాడ్యూల్) వాడొద్దు. 1 కిలోఓమ్ అవుట్‌పుట్ మీద 100 కిలోఓమ్‌ల ఇన్‌పుట్ ఒక్కటి తగిలించినా ఒక శాతం వోల్టేజీ పడిపోతుంది, మూడు వోల్టుల దగ్గర అది 36 సెంట్లు.

తంబూరా పక్కన పెడితే గాంధారం కాస్త పదునుగా వినిపిస్తుంది. క్వాంటైజర్ గాంధారం 400 సెంట్ల దగ్గర, తంబూరాలో సహజంగా పలికేది 386 దగ్గర. ఆ 14 సెంట్ల కొట్లాట కేబుళ్లు మార్చినంత మాత్రాన పోదు.

ఇంకో కన్నం మిగిలింది. మధ్యమం పలికాక పెద్ద వోల్టేజీ వస్తే మ నుంచి పకు ఎక్కేస్తుంది. దానికి హోల్డ్‌లోని స్వరం 0.417కి అటూ ఇటూ 0.02 లోపల ఉందేమో కంపేర్‌తో చూసి, ఉంటే వచ్చే అడుగుకు 0.333 పంపించాను. నిషాదానికీ (0.917) ఇలాగే, 0.75 పంపితే చాలు. ఇక ప ద ని ద ప లో తొంగిచూసే కైశికి నిషాదానికి (మామూలు ని కన్నా అర్ధస్వరం కిందది), గమకాలకు ఈ ప్యాచ్‌లో చోటు లేదు. వోల్టేజీని మెల్లగా జరిపే స్లూ పెడితే జారుడొస్తుంది గానీ గమకం రాదు.